నలభై నాలుగో బిళ్ళ

గత మంగళవారం వైద్యుడు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తన ఎడమచేతి మధ్యవేలిని నా వీపుకు ఆనించి, కుడిచేతి వేలితో దాని మీద తట్టాడు. తట్టి విన్నాడు. రెండంగుళాలు కిందికి జరిగి మళ్ళీ తట్టాడు. మూడోచోట ఆగి, అక్కడే నాలుగుసార్లు తట్టాడు.  చప్పుడు మారిన సంగతి నా చెవికి తెలిసింది. ఆ మార్పును పట్టుకోవడం నాకు చాలా ఏళ్ల కిందట ఒక మనిషి నేర్పాడు. చొక్కా బొత్తాములు పెట్టుకుంటున్నంతసేపూ నేను నా ఊపిరితిత్తుల గురించి ఆలోచించలేదు. ఆ మనిషి గురించే ఆలోచించాను.

ఆయన పేరు రాయను. ఆ పేరు ఒకసారి ఠాణా పుస్తకంలోకి ఎక్కింది. నా వల్ల మరోసారి కాగితం మీదికి ఎక్కడం నాకు ఇష్టం లేదు.

మందమర్రి దగ్గరి ఒక బొగ్గుగని కార్మికుల వాడలో నేను ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన రోజులవి. అక్కడివాళ్ళు గనిని ‘బాయి’ అంటారు. బాయిలో మందు పేల్చి, పొగ చల్లారిన తరువాత, తక్కినవాళ్ళు అడుగుపెట్టకముందే ఒక మనిషి లోపలికి వెళ్ళాలి. కర్రతో పైకప్పును తట్టి, అది నిలుస్తుందా కూలుతుందా చెప్పాలి. ఆయన పని అది.

నేను ఆయనను మొదటిసారి చూసింది నా గది గుమ్మంలో. బక్కపలచని మనిషి. చేతిలో నిలువెత్తు కర్ర, దాని చివర ఇనుప పొన్ను. నమస్కారం చేయకముందే ఆ కర్రనెత్తి నా గది పైకప్పును మూడుచోట్ల తట్టి, తల ఓరగా వంచి విని, అప్పుడు లోపలికి వచ్చాడు.

“ఇది బడి. ఇక్కడ కర్ర పట్టుకునే అధికారం నాకొక్కడికే ఉంది” అన్నాను.

“తప్పయింది సారూ, అలవాటు. వచ్చుకుంట చూసిన, మూడో తరగతి గదిల మూలకున్న దూలం బాగలేదు. పిల్లలను జర ఇవతలికి జరుపుండ్రి.”

జరిపించాను. ఆయన మీద గౌరవంతో కాదు, భయంతో. ఆ ఏడాదంతా ఆ దూలం నుంచి పిడికెడు మట్టి కూడా రాలలేదు. పరీక్షలైన తరువాత ఎదురుపడితే, “నీ దూలం ఇంకా పడలేదయ్యా” అని ఎత్తిపొడిచాను.

“పడలే గద సారూ! మంచిదే గద!” అని ఆయన మనస్ఫూర్తిగా సంతోషించాడు.

అంత భయపడే మనిషిని నేను మరొకరిని చూడలేదు. పనికి బయలుదేరే ముందు ప్రతిరోజూ ఆయన చేతులు వణికేవి. “పెండ్లయిన కొత్తల జరమొచ్చిందనుకున్న సార్” అని ఆయన భార్య ఒకసారి నవ్వుతూ చెప్పింది. “దినాం గదే వణుకుడని తర్వాత తెల్సింది. అందుకే చాయ్ సగం గిలాసే పోస్త. నిండ పోస్తే సగం బట్టలకే తాపుతడు.”

ఆయన దానికి సిగ్గుపడలేదు. “వణుకు రాని దినం నేను బాయిల దిగ సారూ. గా దినం నాకు కప్పు మాట ఇనవడది” అన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన నా ఇంటికి ఒక అట్టపెట్టె తెచ్చాడు. యంత్రాలు బిగించడానికి పైదేశం నుంచి వచ్చిన ఒక ఇంజనీరును ఆయన ఒకసారి గనిలో చొక్కా పట్టి వెనక్కి లాగాడట. ఆ దొర నిలబడి ఉన్న చోట మరుక్షణం బండ పడిందట. స్వదేశానికి పోతూ ఆ దొర దీనిని ఈయన చేతిలో పెట్టి పోయాడు.

“ఇండ్ల కాయితం ఉన్నది సారూ, ఇంగ్లీషుల. గిది ఏందో, దీన్ని ఏం జెయ్యాల్నో జర చదివి చెప్పుండ్రి.”

మూత మీద ఒక విమానం బొమ్మ. పొట్టి శరీరం, ముక్కున పంకా లేదు. ముందువైపు గుండ్రని నోరు, వెనకవైపు గుండ్రని రంధ్రం. పెట్టెలో బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు నలభై మూడు, ఒక జిగురు గొట్టం, అంకెలు, బొమ్మలు వేసిన సూచనల కాగితం. జెట్ యుద్ధవిమానాలు పుట్టిన కొత్తలో పరీక్షకోసం తయారైన మొట్టమొదటి నమూనా అది. దాన్ని డెబ్బై రెండో వంతుకు కుదించి, ముక్కలు అతికించి నిలబెట్టుకునేలా చేశారు.

ఆటవస్తువుల మీద నాకు గౌరవం లేదు. కాని ఆ కాగితం నన్ను ఆకట్టుకుంది. ఒకటి తరువాత రెండు, రెండు తరువాత మూడు. ఏ ముక్క ముందు, ఏది వెనక, ఎంతసేపు ఆరనివ్వాలి, అన్నీ నిర్ణయించి రాశారు. మా విద్యాశాఖ ఉత్తర్వులలో కూడా నేను అంతటి స్పష్టత చూడలేదు.

“మొట్టమొదటి నమూనా అంటే?” అని ఆయన అడిగాడు.

“ఇది ఎగిరితేనే తక్కినవి చేస్తారు.”

“ఎగరకుంటే?”

“కూలిపోతుంది.”

“అండ్ల మనిషి ఉంటడా?”

“ఉంటాడు. లేకపోతే నడిపేదెవరు?”

ఆయన చాలాసేపు మూత మీది బొమ్మను చూశాడు. “అయితే గాయన నా అసొంటోడే” అన్నాడు. తరువాత ముందు నోటినీ వెనక రంధ్రాన్నీ వేలితో చూపి, “ఇది గూడ బాయి లెక్కనే ఉన్నది. గాలి ఇటు దిగి అటు ఎక్కుతది” అన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను ఆయన ఇంటికి వెళ్ళేవాణ్ని. ఒక సూచన చదివి తెలుగులో చెబుతాను. దాన్ని ఆయన తన మాటల్లో తిరిగి నాకు అప్పజెప్పాలి. అప్పుడే జిగురు మూత తీయాలి. ఈ నియమం నాది. గోడమీద నలభై మూడు మేకులు కొట్టిన చెక్కపలక ఆయనది. ఏ ముక్క విమానంలోకి పోతే ఆ అంకె వేసిన అట్టబిళ్ళ దాని మేకుకు తగిలించేవాడు. “బాయిల బొగ్గు సాలదన్నట్టు ఇంట్ల గీ జిగురు కంపొకటి” అని ఆయన భార్య కొంగుతో ముక్కు మూసుకునేది. మూసుకుంటూనే ఆ బిళ్ళలన్నీ కత్తిరించి ఇచ్చింది ఆమె.

ఆ బిళ్ళల పద్ధతి ఏమిటో నాకు వేసవి సెలవుల్లో అర్థమైంది. గని అధికారి అనుమతి తీసుకుని ఆయనతో గనిలోకి దిగాను. దిగేవాళ్ళు గని నోటి దగ్గరి పలకమీద తమ ఇత్తడి బిళ్ళ తగిలించాలి. పైకి వచ్చాక తీసుకోవాలి. పలకమీద బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. నాకొక బిళ్ళ ఇచ్చారు, తగిలించాను.

లోపలి చీకటిని వర్ణించను. దీపం వెలుగు పడినంత మేర తప్ప లోకం లేదు. ఆయన కర్ర ఎత్తి తట్టాడు. ఖంగుమంది.

“ఇనుండ్రి సారూ, గిది గట్టిది.”

పదడుగులు నడిచి మళ్ళీ తట్టాడు. పగిలిన కుండ అడుగున తట్టినట్టు బోలుగా పలికింది.

“గీడ నిలవడొద్దు” అన్నాడు, పక్కింటివాడితో మాట్లాడుతున్నంత మెల్లగా.

నేను ఆయన చొక్కా వెనకభాగం పట్టుకున్నాను. గని నోటి వెలుగు కనబడేదాకా వదలలేదు. అక్కడినుంచి నన్ను ఒక్కణ్నే పైకి పంపి ఆయన పనిలోకి తిరిగిపోయాడు. పైకి వచ్చాక ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా ఇంటికి నడిచి, స్నానంచేసి, భోంచేసి పడుకున్నాను. సైరన్ మోతకు మెలకువ వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు పరుగెత్తుతున్నారు. పలకమీద ఒక బిళ్ళ మిగిలిపోయిందని, ఎవరో లోపల చిక్కుకున్నారని, పనిముగించుకుని పైకి వచ్చిన ఒక మనిషి వెతకడానికి మళ్ళీ దిగాడని చెప్పుకుంటున్నారు. ఆ మిగిలిన బిళ్ళ ఎవరిదో నాకు అప్పుడు తట్టింది. పిల్లలకు వరస తప్పితే బెత్తం చూపించే నేను, భయంలో నా బిళ్ళ తీసుకోవడం మరిచిపోయాను.

నేను వెళ్ళి చెప్పాక ఆయనకు కబురు పంపారు. అప్పటికే రెండుగంటలుగా ఆయన నా కోసం లోపల దారులన్నీ తిరుగుతున్నాడు. పైకి వస్తుంటే జనం గొల్లున నవ్వారు.

“పంతులు కడుపునిండ తిని పండుకున్నడట! గీయన పాతాళమంత లెంకుతుండు!”

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. పలక దగ్గరికి పోయి నా బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టాడు. 

“లెక్క సరిపోయింది” అన్నాడు.

మరుసటి ఆదివారం ఆయన ఇంటి పలకకు నలభై నాలుగో మేకు కనిపించింది. నేను గడప దాటి లోపలికి రాగానే ఆయన ఒక డబ్బాలోంచి అట్టబిళ్ళ తీసి దానికి తగిలించాడు. తిరిగి వెళ్ళేటప్పుడు తీసి డబ్బాలో వేశాడు. “మీకు యాది ఉండది సారూ. గిది నేనే చూసుకుంట” అన్నాడు. ఆయన భార్య లోపలినుంచి పకపకా నవ్వింది.

పదిహేడో ముక్క దగ్గర మాకు తగాదా వచ్చింది. పదిహేడు అంటే విమానం నడిపే మనిషి. చిటికెనవేలి గోరంత బొమ్మ, ముఖం కూడా లేదు. వాణ్ని ముందు కూర్చోబెట్టి, ఆ తరువాత విమానపు రెండు సగాలనూ కలిపి అతికించాలని కాగితం స్పష్టంగా చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు.

“కప్పు చూడకుండ మనిషిని లోపల పెట్టి మూస్తరా సారూ? గిదేం పద్ధతి?”

“అది బొమ్మ. అందులో కప్పు లేదు, బండ లేదు. వరస తప్పకూడదు.”

“మొదటిది అన్నరు గద. నిలుస్తదో లేదో ఎవలకు తెల్వదు అన్నరు గద.”

మనిషి లేకుండానే రెండు సగాలూ అతికించాడు. పదిహేడో బిళ్ళ, ఆ గోరంత బొమ్మ డబ్బాలోనే ఉండిపోయాయి. క్రమం తప్పిన చోట నాకు పని లేదని చెప్పి నేను లేచి వచ్చాను. మూడు వారాలు ఆ గడప తొక్కలేదు.

ఆ మూడు వారాల్లో యుద్ధం వచ్చింది. అది అరవై అయిదు. సరిహద్దు మాకు ఎంతో దూరం. భయానికి మాత్రం దూరం లేకపోయింది. శత్రువులు గొడుగులు కట్టుకుని ఆకాశం నుంచి దిగుతారన్నారు. మొదటి బాంబు బొగ్గుగనుల మీదే వేస్తారన్నారు. పోలీసు చర్యనాడు విమానాల చప్పుడు విన్న పెద్దవాళ్ళు మేఘం ఉరిమితే మంచాల కింద దూరేవారు. కిటికీలకు నల్లకాగితం అంటించేలా చూడటానికి వాడలో ఒక సంఘం ఏర్పాటుచేసి, నన్ను పెద్దగా పెట్టారు.

ఒక సాయంత్రం నేను పొద్దుగూకకముందే ఇళ్ళు చూసిరావడానికి బయలుదేరితే, సబిన్స్‌పెక్టరు ఇద్దరు జవాన్లతో ఎదురొచ్చాడు. ఒక ఇంట్లో విమానం ఉందని, విదేశీ కాగితాలున్నాయని, గోడమీద ఏవో అంకెలు రాసుకుంటున్నారని ఎవరో చెప్పారట. “మీరూ రండి, హెడ్మాస్టరు గారూ” అన్నాడు. ఏ ఇల్లో నాకు అడగకుండానే తెలుసు.

ఠాణా అంటే నాకు పాత భయం ఉంది. రజాకార్ల కల్లోలపు రోజుల్లో మా అన్నను కరీంనగర్ దగ్గరి మా ఊరినుంచి ఠాణాకు తీసుకుపోయారు. మూడు నెలలకు తిరిగి వచ్చిన మనిషి బతికున్నంతకాలం తలుపువైపు వీపుపెట్టి కూర్చోలేదు. దీన్ని నేను సాకుగా చెప్పడం లేదు. వాళ్ళ వెనక ఎందుకు నడిచానో చెబుతున్నాను.

మేము లోపలికి అడుగుపెట్టాం. దారంతో దూలానికి కట్టిన విమానం గాలికి మెల్లగా తిరుగుతోంది. నేను రాని మూడు వారాల్లో, పదిహేడు తప్ప తక్కిన ముక్కలన్నీ ఆయన ఒక్కడే బొమ్మలు చూసి అతికించుకున్నాడు. ఆయన జవాన్లను చూశాడు, వాళ్ళ వెనక నన్ను చూశాడు. చూసి, అలవాటు ప్రకారం, డబ్బాలోంచి నా బిళ్ళ తీసి నలభై నాలుగో మేకుకు తగిలించాడు.

“ఏందిరా అది?” అన్నాడు సబిన్స్‌పెక్టరు.

ఆయన నా ముఖం వైపు తిరిగాడు. కర్రతో తట్టిన తరువాత తల ఓరగా వంచి వింటాడని చెప్పాను కదా, అట్లాగే తల వంచి నన్ను చూశాడు. నా ముఖంలో ఏం విన్నాడో నాకు తెలుసు. మేకునుంచి బిళ్ళ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

“ఏం లే సారూ. ఒకటి ఎక్కువైంది.”

“గీ ఇంగ్లీషు కాయితం నీకెవడు చదివిండు?”

నేను గోడను చూస్తున్నాను. ఆ గోడమీద సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడిందో ఇప్పటికీ గీసి చూపగలను. నేను ఒక్క మాట అంటే చాలు. నేను ప్రధానోపాధ్యాయుణ్ని, వాడలో సంఘానికి పెద్దను. నేను పెచ్చులు లెక్కపెట్టాను.

“ఎవలు చదవలే. బొమ్మలు చూసి చేసిన” అన్నాడాయన.

విమానాన్ని దారం తెంపి తీసుకున్నారు. ఆయననూ తీసుకుపోయారు. గడప దాటుతున్నప్పుడు ఆయన భార్య నన్ను చూసి, “సార్, మీరన్న జర చెప్పుండ్రి సార్” అంది. ఇంటి కిటికీకి ఇంకా నల్లకాగితం అంటించుకోలేదన్న సంగతి ఆమెకు గుర్తుచేసి నేను బయటికి వచ్చాను. అవును, అదే అన్నాను.

ఆ మరునాడు బడికి వెళ్ళాను. హాజరు వేశాను. నన్ను కూడా ఎవరో పిలిపిస్తారని ప్రతి అడుగుల చప్పుడుకూ తలెత్తాను. ఆయన బదులు గనిలో కప్పు తట్టడానికి మరొకణ్ని పెట్టారని విన్నాను. పడుచువాడు, గట్టివాడు, చేతులు వణకనివాడు. వాడి చేతులు వణకవన్న మాటే నా మనసులోంచి పోలేదు.

రెండోరోజు మధ్యాహ్నం, నేను అయిదో తరగతికి భిన్నాలు చెబుతుండగా సైరన్ మోగింది.

పిల్లలు ఏడవలేదు. తండ్రులు గనిలో ఉన్న పిల్లలంతా ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు. “కూర్చోండి” అన్నాను.  సుద్దముక్క పడేసి, వీధిలో ఆడవాళ్ళతోపాటు నేనూ పరుగెత్తాను.

గని నోటి దగ్గర పలకను చూస్తూ అందరూ నిలబడి ఉన్నారు. పైకి వచ్చినవాడల్లా తన బిళ్ళ తీసుకుంటున్నాడు. మేకులు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. చివరకు ఒక్క బిళ్ళ మిగిలింది. అది ఎవరిదైనా సరే, దాన్ని అక్కడ ఉంచింది నేనే. ఆ బిళ్ళను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. చివరకు వాణ్ని మోసుకొచ్చారు. పాదం నలిగిపోయింది, ప్రాణం ఉంది. ఆ పడుచువాడే. వాడి తల్లి పలకమీది బిళ్ళ తీసి కళ్ళకద్దుకుంది.

అక్కడినుంచి నేను ఇంటికి పోలేదు, ఠాణాకు పోయాను. ధైర్యం వచ్చి కాదు. పాత భయంకంటే పెద్ద భయం పట్టుకుంది, అంతే. “ఆ కాగితం చదివింది నేను. అది బొమ్మ. ముక్కలు ఎట్లా అతికించాలో నేనే దగ్గరుండి చెప్పాను” అన్నాను.

సబిన్స్‌పెక్టరు కలం కింద పెట్టాడు. “ఇంతేనా? గీ ముచ్చట మొన్ననే చెప్తే గప్పుడే అయిపోతుండె గద పంతులు గారూ. రెండు దినాలు ఏం జేసిండ్రు?”



ఆయనను వదిలిపెట్టారు. బయటికి వచ్చాడు. ముఖం వాచి ఉంది. ఎట్లా వాచిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మొదటి మాట ఇది: “సైరన్ ఇనవడ్డది. అందరు వచ్చిండ్రా?”

“వచ్చారు. ఒకరికి పాదం నలిగింది.”

“అందరు వచ్చిండ్రు గద” అని నడక సాగించాడు.

లోపల ఏమన్నా దాచాడేమోనని ఠాణాలో విమానాన్ని రెండు సగాలుగా విప్పి, అట్లాగే తిరిగి ఇచ్చారు. ఇంటికి వచ్చాక ఆయన ఆ సగాలను గోటితో తట్టి, విని, డబ్బా తెరిచాడు.

“లోపలంత చూసిండ్రు సారూ. ఏం లేదని రాసుకున్నరు గూడ. ఇగ మనిషిని కూసోబెట్టొచ్చు.”

“ఠాణల ఉండొచ్చి గీ ముచ్చటనా నీకు!” అని భార్య ఏడుస్తూ నవ్వింది. ఆయన ఆ గోరంత మనిషిని కూర్చోబెట్టి, సగాలు మళ్ళీ అతికించి, పదిహేడో బిళ్ళ దాని మేకుకు తగిలించాడు. నలభై మూడు మేకులూ నిండాయి. నలభై నాలుగోది ఖాళీగా ఉంది. నేను ఆ గదిలోనే, దాని ఎదురుగా కూర్చుని ఉన్నాను.

ఆ తరువాత రెండేళ్ళపాటు, బదిలీ అయ్యేదాకా, చాలా ఆదివారాలు ఆ ఇంటికి వెళ్ళాను. ఆయన మాటలో తేడా లేదు, ఆమె పోసే చాయ్‌లో తేడా లేదు. గడప దాటగానే నా చూపు ఆ మేకు మీదికే పోయేది. అది ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

నేను ఆ ఊరు వదిలిన రోజున ఆయన బస్సు దగ్గరికి వచ్చి, నేను కూర్చున్న చోటికి సరిగ్గా పైన కర్రతో తట్టాడు.

“ఓ పెద్దమనిషీ, బస్సు ఇరగ్గొడ్తవా ఏంది?” అని కండక్టరు అరిచాడు.

“లే బిడ్డా. సూస్తున్న.”

కిటికీ దగ్గరికి వచ్చి జేబులోంచి అంచులు నలిగిన అట్టబిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. నలభై నాలుగు. ఠాణాలో కూడా అది ఆయన జేబులోనే ఉందన్నమాట. రెండేళ్ళుగా అడగలేనిది అప్పుడు అడిగాను. “దీన్ని మళ్ళీ ఎందుకు తగిలించలేదు?”

కప్పు గురించి చెప్పేముందు ఆలోచించినట్టే ఆలోచించాడు.

“గా పోలీసులొచ్చిన దినం మీరు గడప దాటిండ్రు, లోపలికి రాలే సారూ. లోపల నేనొక్కణ్నే ఉన్న. రానోళ్ళ బిళ్ళ తగిలిస్తే లెక్క తప్పుతది. ఎవడో ఉట్టిగ దిగి లెంకాలె.”

ఆయన గొంతులో నింద లేదు. ఉంటే బాగుండేది.

ఆయన పోయి చాలా కాలమైందని తరువాత ఎవరో చెప్పారు. ఎప్పుడో, ఎట్లాగో నేను వివరం అడగలేదు.

వైద్యుడు ఛాతీకి ఎక్స్‌రే బొమ్మ తీయించాడు. ఇంకా లోతుగా చూడాలన్నాడు. ఈ రోజు పెద్దాసుపత్రిలో చేరాలి. పొద్దున్నే తలుపు పక్కన ఒక మేకు కొట్టి, ఆ అట్టబిళ్ళ తగిలించాను. “ఈ వయసులో గోడకు మేకులేమిటి?” అని నా భార్య అడిగింది. లోపలికి వెళ్తున్నానని, తిరిగి వచ్చాక నేనే తీస్తానని చెప్పాను. ఆమెకు అర్థమైనట్టు లేదు. గ్లాసులో చాయ్ పోయబోతుంటే ఆపి, సగమే పోయమన్నాను.